క్రొత్త విద్యార్థికి అండ యెవరు?

ఏటేట ఆషాఢ శ్రావణములలో తెలుగునాట నొక పెద్ద వలస జరుగుచుండును. ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడి, కౌన్సెలింగులు ముగిసినంతనే పదునేడు పదునెనిమిదేండ్ల పిల్లలు సీటు దొరకిన చోటికి పెట్టెయు, బక్కెట్టును, చుట్టిన పరుపును తీసికొని బయలుదేరుదురు. తండ్రి హాస్టలు గదిలో మంచము చూచి, మెస్సు రుసుము కట్టి, సాయంకాలపు బస్సునకు తిరుగుముఖము పట్టును. మా పాఠకులలో పలువు రీ పని చేసివచ్చినవారే. ఆ రాత్రి మొదలు దీపావళి వరకు గడచు మూడు నెలలలో ఆ బిడ్డకు లోలోపల ఏమి జరుగుచున్నదను విషయము మాత్రము మన యిండ్లలో ప్రస్తావనకు రాదు. మార్కులు వచ్చినప్పుడే ప్రస్తావన వచ్చును. ఆ మూడు నెలలను గూర్చియే నేడు కొంత విచారింపదలచితిమి.

ఇది కొలదిమందికి సంబంధించిన విషయము కాదు. 2021-22 సంవత్సరపు కేంద్రప్రభుత్వ లెక్కల ప్రకారము దేశమున ఉన్నతవిద్య నభ్యసించుచున్నవారు 4.33 కోట్లమంది, అందు దాదాపు సగముమంది బాలికలు. తమ వంశమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు వీరిలో లెక్కకు మిక్కిలిగా నున్నారు. మరియొక లెక్కయు ప్రభుత్వమువారిదే కలదు. 2022లో దేశమున ఆత్మహత్య చేసికొనిన విద్యార్థుల సంఖ్య 13,044. ఒక్కొక్క మరణమునకు కారణములు పెక్కు. వ్రేలుపెట్టి ఒక్కదానిని చూపుట న్యాయము కాదు. వీరందరును క్రొత్తగా చేరినవారును కారు. కాని ఆ సంఖ్య వెనుక, చావవలెననుకొనక, చదువు మానక, ఎవ్వరితోను చెప్పుకొనక, దినములు లెక్కించుకొనుచు కాలము గడపుచున్న పిల్ల లెందరున్నారో ఏ లెక్కలోను చేరలేదు. మా దృష్టి ముఖ్యముగా వారిమీదనే యున్నది.

మనలో పెద్దలు సాధారణముగ చెప్పు మాట యొకటి కలదు. "క్రొత్తలో అట్లే యుండును, సర్దుకొనవలెను" అందురు. సర్దుకొనుట యను గుణము బిడ్డతో పుట్టినదని, ఉన్నవారికుండును లేనివారికి లేదని ఈ మాటయందలి భావము. ఈ భావ మెంతవరకు నిజమో పాశ్చాత్య పండితు లేబదియేండ్లుగా పరిశోధించుచున్నారు. 1975లో విన్సెంటు టింటో యను నమెరికా పండితుడు విద్యార్థులు కళాశాల విడిచిపోవుటకు గల కారణములను విచారించి, విద్యార్థి చదువులోనే కాక అచ్చటి జనులలోను కలియవలెనని, ఈ రెంటిలో ఏది లోపించినను వాడు నిలువడని సిద్ధాంతీకరించెను. 1984లో బేకరు, సిరిక్ అనువారు కళాశాలలో ఇమిడిపోవుట యనునది నాలుగు విధములని విభజించిరి: చదువు కుదురుట, స్నేహములు కుదురుట, మనస్సు కుదురుట, ఆ సంస్థ తనదే యను మమకార మేర్పడుట. మన మొదటిదానిని మాత్రమే పరీక్షపెట్టి కొలుచుచున్నాము. తక్కిన మూటిని అదృష్టమునకు విడిచితిమి. 1985లో ఎడ్ డీనరును ఆయన సహచరులును తయారుచేసిన జీవితతృప్తి కొలబద్దలో ఐదే వాక్యములు కలవు. ఒక్కొక్క వాక్యముతో తాము ఎంతవరకు ఏకీభవింతురో ఒకటి మొదలు ఏడు వరకు అంకెవేసి చెప్పవలెను. కళాశాలకార్యాలయమున ఇన్ని దరఖాస్తులు నింపించుకొనువారు ఈ ఐదు వాక్యములను ఆగస్టులో నొకసారియు, డిసెంబరులో నొకసారియు పిల్లలయెదుట పెట్టిన ఏమగును? కాగితపు ఖర్చు తప్ప వేరు నష్టము లేదు.

ఈ పరిశోధనలన్నిటిలో మాకు మిక్కిలి విలువగలదిగా తోచినది వేరొకటి. సంఘము వలని సహాయము రెండు తెరగులు. ఒకటి నిజముగా అందిన సహాయము. రెండవది, అడిగినచో అందునను నమ్మకము. 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అను పండితులు అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, కష్టకాలమున మనస్సు చెదరకుండ కాపాడునది ఈ రెండవదియే యని చూపిరి. అందిన డబ్బుకంటె, చేసిన ఫోనుకంటె, "అవసరమైనచో నాకు ఫలానావారున్నారు" అను నమ్మకమే అండ. మన గృహస్థులు ఇచ్చట కొంత నిదానముగ ఆలోచింపవలెనని మా ప్రార్థన.

ఏలయన మన యిండ్లలో సహాయమునకు లోటు లేదు. ఎకరమమ్మి రుసుము కట్టిన తండ్రులున్నారు. పుస్తెలతాడు కుదువబెట్టిన తల్లులున్నారు. రెండుపూటల ఫోను చేయుదురు. "తింటివా? క్లాసు జరిగినదా? మార్కులు వేసిరా?" అని యడుగుదురు. ఈ ప్రశ్నలన్నిటికిని బిడ్డ "ఆ" యనును. ఎకరమమ్మిన సంగతి యెఱిగిన బిడ్డ "నాకిచ్చట తోచుటలేదు, పాఠము అర్థమగుటలేదు, నాతో మాటలాడువారు లేరు" అని యెట్లు చెప్పును? ఎంత యెక్కువ త్యాగము చేసితిమో అంత యెక్కువగా ఆ నోరు మూతబడును. సహాయము పెరిగినకొలది అండ తరుగుట యనగా ఇదియే. దసరాకు ఇంటికి వచ్చిన బిడ్డను మార్కుల కంటె ముందు స్నేహితుల పేర్లడుగుడు. ఇద్దరి పేర్లు చెప్పలేకపోయినచో అది గణితములో తప్పిపోవుటకంటె పెద్ద సంగతి యని యెఱుగుడు. "వలదనిపించినచో తిరిగిరా, మరియొక దారి చూతము" అను మాట ఒక్కసారియైన బిడ్డచెవిని పడవలెను. ఆ మాట విన్నవాడే నిలదొక్కుకొనునని మా నమ్మకము.

ఇక విశ్వవిద్యాలయము మాట. అచ్చటికి మన పిల్లలు ఏ స్థితిలో వచ్చుచున్నారు? ఇంటర్మీడియేటు రెండేండ్లును నివాసకళాశాలలలో గడపి వచ్చువారు మనలో అసంఖ్యాకులు. అచ్చట తెల్లవారకముందే గంట మ్రోగును. రాత్రి పొద్దుపోవువరకు స్టడీ అవర్లు. వారమునకొక పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షను, సెక్షనును బట్టి గౌరవము. స్నానమునకు, భోజనమునకు, నిద్రకు నిమిషములు నిర్ణయింపబడియుండును. తాను ఏమి చదువవలెనో, ఎప్పుడు చదువవలెనో, ఎవనితో మాటలాడవలెనో ఆ రెండేండ్లలో ఆ బాలుడు తానై నిర్ణయించుకొనిన దినము లేదు. అట్టివానిని ఒకనాటి యుదయమున విశ్వవిద్యాలయ ప్రాంగణమున విడిచి, "ఇక నీ యిష్టము" అందుము. గంట మ్రోగదు, పోకున్న అడుగువారు లేరు, నూటయిరువదిమంది గల తరగతిలో అధ్యాపకునకు పేరు తెలియదు. క్రొత్త పరిస్థితులకు తగినట్లు నడుచుకొను శక్తిని గూర్చి పరిశోధించిన మార్క్ సవికాస్ పండితుడు దానికి నాలుగంగములు చెప్పెను: రాబోవుదానిని గూర్చిన తలపు, తన పనిమీద తన యధికారము, క్రొత్తదానిని తెలిసికొను కోరిక, చేయగలనను ధైర్యము. ఈ నాలుగింటిలో రెండవదానిని రెండేండ్లు వేరునకు నీరు పోయక ఎండబెట్టి, మూడవ యేట ఫలము లేదేమని చెట్టును నిందించుచున్నాము. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధపడుచుండిన యొక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున 2025 జూలైలో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టువారు, మార్కులను బట్టి పిల్లలను తరగతులుగ విడదీయరాదని, పదుగురిలో అవమానింపరాదని విధించిరి. ఇది మన ముంగిటనే పుట్టిన వ్యాజ్యము. మన నివాసకళాశాలల యజమానులు దీనిని చదివిరో లేదో!

భాష సంగతి చెప్పనక్కరలేదు. పదవతరగతి వరకు తెలుగులో చదివి, తరగతిలో మొదటివాడనిపించుకొనిన బాలుడు ఇంగ్లీషు ఉపన్యాసము వినుచు, అర్థము కానిదానిని నలుగురిలో అడుగ సిగ్గుపడి, తాను మందబుద్ధినని తీర్మానించుకొనును. తెలివి తగ్గలేదు, మాట మారినది. కాని ఆ సంగతి వానికి చెప్పువారుండవలెను గదా. శ్రీకాకుళపు యాసను, పాలమూరు యాసను విని నవ్వువారు మన తెలుగువారే. కులమును బట్టి వెలివేయుటయు అంతరించలేదు. 2012లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు సమానత్వమునకై నిబంధనలు చేసినను, 2016లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున రోహిత్ వేముల మరణము దేశమంతటిని కలచివేసెను. సీటు దొరకుట వేరు, చోటు దొరకుట వేరు.

ఈ సందర్భమున నొక పరిశోధనను మా పాఠకుల కెఱిగింపవలసియున్నది. 2011లో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనువారు అమెరికాలో మొదటి సంవత్సరపు విద్యార్థులకు సుమా రొక గంటసేపు పై తరగతులవారి యనుభవములను చదివించిరి. "మొదట మాకును ఇచ్చట పరాయిగా తోచినది, కాలక్రమమున అది పోయినది" అనునది ఆ యనుభవముల సారము. అంతమాత్రముననే నీగ్రోజాతి విద్యార్థుల మార్కులు మూడేండ్లపాటు మెరుగుపడి, తెల్లవారితో గల యంతరము సగమునకు తగ్గినది. ఇది విని మన కళాశాలలవారు ఒక గంట ఉపన్యాసమిచ్చి చేతులు దులుపుకొందు రేమో యని మా భయము. అందుచే రెండవ సగమునుగూడ చెప్పవలెను. 22 సంస్థలలో 26,911 మంది విద్యార్థులపై అదే ప్రయోగమును మరల జరిపి 2023లో ప్రకటించిన ఫలితమున, విద్యార్థికి నిజముగా కలిసిపోవు నవకాశము కల్పించిన సంస్థలలోనే ఆ మాట పనిచేసినట్లు తేలినది. అవకాశములేని చోట మాట వట్టిమాటగానే మిగిలినది. భయపడకు మని చెప్పుటకు ముందు, భయపడనక్కరలేని స్థితిని కల్పింపవలెను.

పూర్వము మనదేశమున ఈ యండ బొత్తిగా లేకపోలేదు. వారాలు చెప్పుకొని చదువుకొనిన తరమువారి కథలు మన పట్టణములలో ఇప్పటికిని చెప్పుకొందురు. సోమవారమొక యింట, మంగళవార మొక యింట భోజనము; ఆ విధముగ బీదబాలునకు ఊరిలో ఏడిండ్లు ఏర్పడెడివి. ఆకలి తీరుట యొక్కటే కాదు, వాడు ఒక వారము రాకున్న ఏమైనాడని యడుగు తల్లు లేడుగురుండిరి. ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపిన తల్లి బిడ్డడైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమునకు పోయి చదువుకొనగలిగినది, ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు వెంటబెట్టుకొని పోవుట చేతనే గదా! హైదరాబాదున 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టలు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు వసతితోపాటు తెలుగు గ్రంథములను, పెద్దల సాంగత్యమును ఇచ్చినది. సురవరము ప్రతాపరెడ్డిగారి వంటివా రచ్చట పిల్లలను కనిపెట్టియుండిరి. అయితే ఆ కాలమును తలచుకొని నిట్టూర్చుట మా యభిమతము కాదు. ఆ వారాలు అందరికి దొరకలేదు. ఏ కులమువానికి ఏ యింటి అరుగువరకు ప్రవేశమో అందరెఱిగినదే. హాస్టళ్లును పెక్కులు కులమునకొకటిగా వెలసినవే. ప్రభుత్వమువారి సాంఘికసంక్షేమ వసతిగృహములు వచ్చినతరువాతనే దళిత బాలురకు పట్టణమున నొక కప్పు దొరకినది. కప్పు దొరకినదే కాని, ఏమైనాడని యడుగు మనిషి దొరకలేదు. పాతకాలమునుండి మనము తెచ్చుకొనదగిన దా యొక్క ప్రశ్నయే.

2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును ఇచ్చట ప్రత్యేకముగ తలపవలెను. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వెలసిన దీనిని జనులు ట్రిపుల్ ఐటీ యందురు. పదవతరగతి మార్కులను బట్టి, ప్రభుత్వపాఠశాలల పిల్లలకు కొంత అదనముగ కలిపి, ఆరేండ్ల చదువునకు ఎంపికచేయుదురు. పదునైదు పదునారేండ్ల పల్లెపిల్లలు వేలకొలది ఒక్కచోట చేరుదురు. ఉద్దేశ మెంతయో గొప్పది. దీనివలన పైకివచ్చిన కుటుంబములు మన కెఱుకే. కాని 2022 జూన్ నెలలో బాసర విద్యార్థులు పండ్రెండు కోర్కెలతో సుమారు వారము దినములు ఎండకు వానకు ఓర్చి బైఠాయించిరి. వా రడిగినవేమి? శాశ్వత వైస్‌ఛాన్సలరు, చాలినంతమంది అధ్యాపకులు, సరియైన భోజనము, చదువునకు కావలసిన పరికరములు. మరుసటి నెలలోనే అక్కడి మెస్సుభోజనము తిని వందమందికి పైగా అస్వస్థులైరి. అడిగినది అతిశయోక్తి కాదని అదియే సాక్ష్యము చెప్పినది.

ఆనాడు కొందరు పెద్దలు "చదువుకొనవలసిన పిల్లలకు సమ్మె యేల?" అని మందలించిరి. మా యభిప్రాయము వేరు. ఇమిడిపోవుట యనగా అన్నిటిని సహించుట కాదు. పురుగుల యన్నమునకు అలవాటుపడినవానిని సర్దుకొనెనని మెచ్చుకొనుట మెప్పు కాదు. ఆ పిల్లలు ఒకరికొకరు తోడై, క్రమము తప్పక, కోరినదానిని వ్రాతపూర్వకముగ కోరిరి. సవికాస్ చెప్పిన నాలుగంగములను వెదకువా రా బైఠాయింపులో వెదకవచ్చును. పై నుండి అండ రాకున్న పిల్లలు తమలో తామే అండ నిర్మించుకొనిరి. అట్లు నిర్మించుకొన లేక ఒంటరియైనవాడే నిజముగ ప్రమాదమున నున్నవాడు. వాడు సమ్మె చేయడు, గదితలుపు మూసికొని పండుకొనును.

చేయవలసినదేమో తెలియక మనము చేయకుండుట లేదు. అఖిలభారత సాంకేతిక విద్యామండలివారు ఇంజనీరింగు విద్యార్థులకు మొదటి మూడువారములు పాఠములు పెట్టక పరిచయకార్యక్రమము జరుపవలెనని, ఇరువదిమంది కొక యధ్యాపకుడు మార్గదర్శిగా నుండవలెనని ఏనాడో చెప్పిరి. 2019లో నిధుల సంఘమువారు 'దీక్షారంభము' అను పేర తక్కిన కళాశాలలకును ఇట్టి యేర్పాటునే సూచించిరి. మనయొద్ద చాలచోట్ల ఆ మూడువారములు మూడు దినములైనవి. ఆ మూడు దినములును పూలదండలకును, యజమానుల యుపన్యాసములకును, ఉద్యోగనియామకముల పట్టికలను తెరమీద చూపుటకును సరిపోవుచున్నవి. పైన చెప్పిన 2025 తీర్పులో, నూరుగురుగాని అంతకు మించిగాని విద్యార్థులు గల ప్రతి సంస్థయు అర్హతగల కౌన్సిలరు నొక్కనినైన నియమింపవలెనని, ఒక చదువునుండి మరియొక చదువునకు మారు సమయమున చిన్నచిన్న జట్టులకు మార్గదర్శకుల నేర్పరుపవలెనని కలదు. అదే యేడు మార్చిలో విద్యార్థుల మానసికారోగ్యమును విచారించుటకు సుప్రీంకోర్టువారే యొక జాతీయ కార్యదళమును నియమించిరి.

మంచిదే. కాని ఇరువదిమందికొక అధ్యాపకుడు ఎచ్చటనుండి వచ్చును? 2025 నాటికి తెలంగాణ రాష్ట్రవిశ్వవిద్యాలయములలో మంజూరైన అధ్యాపకపదవులలో సగమునకు మించి ఖాళీగా నుండెను. పాఠములు నడచినది కాంట్రాక్టువారితోను, గంటకింత యని కూలి పుచ్చుకొను అతిథి యుపన్యాసకులతోను. వచ్చు సంవత్సరము తానే యుండునో యుండడో యెఱుగని మనిషి పదునెనిమిదేండ్ల పిల్లవానితో "నేనున్నాను" అని యెట్లనగలడు? కౌన్సిలరు కావలసినదే, జ్వరము ముదిరినవానికి వైద్యుడు వలయును. జ్వరము రాకుండ చూచునది దినదినము ముఖము చూచు అధ్యాపకుడు. ఖాళీపదవుల భర్తీని మనము బడ్జెటుసంగతిగా, ఉద్యోగార్థులసంగతిగా చర్చించుచున్నాము. అది మొదట క్రొత్త విద్యార్థి సంగతి.

బాలికలకు వేరుగ నొక చిక్కు కలదు. గ్రంథాలయము రాత్రివరకు తెరచియుండును. బాలికల హాస్టలు తలుపు సంజవేళకే మూయబడును. చదువులోను, స్నేహములోను, సభలలోను కలియుటకు ముఖ్యమైన గంటలు ఆ సాయంకాలపు గంటలే. రక్షణకొరకని చెప్పుదురు. దీపములు వేసి, కావలివారిని పెట్టి, బస్సు నడిపి రక్షింపవచ్చును గదా. తాళము వేయుట యొక్కటేనా రక్షణ?

చివరకు డబ్బు సంగతి. ఫీజు రీయింబర్సుమెంటు బకాయిలు రెండు రాష్ట్రములలోను ఏండ్లతరబడి పేరుకొనుట అందరు చూచుచున్నదే. ప్రభుత్వము చెల్లింపదు, కళాశాలవారు విద్యార్థి నడుగుదురు, పరీక్షరుసుము కట్టుదినమున పేరుపిలిచి నిలువబెట్టుదురు, ధ్రువపత్రములు తొక్కిపట్టుదురు. చేరిన మూడవ నెలలోనే తోటివారియెదుట బాకీదారుగా నిలుచున్న బాలునకు ఆ సంస్థ తనదను మమకార మెట్లు కలుగును? ఆ బాకీ వానిది కాదు, ప్రభుత్వముది. ఉభయ ప్రభుత్వములును పాతబకాయిల నెన్ని వాయిదాలలో తీర్చినను తీర్చుకొనవచ్చును గాని, మొదటి సంవత్సరపు విద్యార్థుల రుసుమును మాత్రము దసరాకు లోపల కళాశాలలకు జమకట్టి, ఆ యేడు విద్యార్థిని రుసుమడుగరాదని ఉత్తరువు చేయవలెను. రాబోవు బడ్జెటుసమావేశములలో శాసనసభ్యు లీ యొక్క ప్రశ్ననైన ఆర్థికమంత్రుల నడుగుదురని యెదురుచూచుచున్నాము.